తుఫాను ఘాట్ ఎక్కితే: కరెంటు లేని రోజుల కోసం ఏది కొనాలి, ఏది మానాలి

తుఫాను అనగానే అందరి చూపూ సముద్రం వైపే పోతుంది. ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మాత్రం తీరం దాటాక మొదలయ్యే రెండో కథ బాగా తెలుసు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచేసింది. ఆ జిల్లాలోని బరఘరలో వానకు తలదాచుకున్న వాళ్ల మీద కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్ల ప్రాణం తీసింది గాలి కాదు, నానిపోయిన కొండ.

మన కొండల్లో మంచు కురవదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో పుట్టేవే మనకు చలికాలపు తుఫాన్లు. అవి వెళ్లీ వెళ్లకముందే చలి దిగుతుంది. సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి వైపు డిసెంబర్ రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి పోవడం మామూలే. అంటే చీకటి, తడి, చలి మూడూ ఒకేసారి మీద పడతాయి. దానికితోడు సాలూరు నుంచి సుంకి మీదుగా వచ్చే ఘాట్ రోడ్డు మీద ఒక్క చెట్టు కూలినా, ఒక్క చోట మట్టి జారినా సరుకు లారీలు కిందే ఆగిపోతాయి.

అందుకే ఇన్వర్టరా, జనరేటరా అని అడిగేవాళ్లను నేను ఎన్ని వాట్లు కావాలని అడగను. దారి మూసుకుపోయి, కరెంటు లేకుండా ఎన్ని రోజులు గడపాల్సి వస్తుందని అడుగుతాను. కొనే వస్తువు ఏదైనా ఆ రోజుల లెక్కకు తూగాలి.

మీ ఇల్లు ఏ ఫీడర్ మీద ఉంది

రోజుల లెక్క తేలాలంటే ముందు మీ ఫీడర్ గురించి, అంటే సబ్‌స్టేషన్ నుంచి మీ వైపు వచ్చే లైను గురించి తెలియాలి. ఒడిశా దక్షిణ జిల్లాల్లో కరెంటు పంపిణీ 2021 జనవరి నుంచి టాటా పవర్ నడిపే టీపీఎస్ఓడీఎల్ చేతిలో ఉంది. ఫిర్యాదుకు 1912 నంబరు ఉంది. తుఫాను తర్వాత మరమ్మతులు ఎక్కడైనా ఒకే వరసలో సాగుతాయి. ముందు 33 కేవీ (33 వేల వోల్టుల) లైన్లు, సబ్‌స్టేషన్లు. తర్వాత ఆసుపత్రులకూ మంచినీళ్ల పథకాలకూ వెళ్లే 11 కేవీ ఫీడర్లు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు, వీధి లైన్లు. ఫీడర్ చివరన, కొండ వాలులో పది ఇళ్లున్న గూడెం వంతు ఆఖర్న వస్తుంది. ఇందులో ఎవరి కక్షా లేదు. పైన లైను నిలబడకుండా కింద బల్బు వెలగదు.

మీ లైన్‌మన్‌ను అక్టోబర్‌కు ముందే ఒక్క మాట అడగండి: "బాబూ, మా వీధి టౌన్ ఫీడరా, రూరల్ ఫీడరా? లైను అడవిలోంచి వస్తుందా, రోడ్డు పక్కనుంచా?" ఈ జవాబు షాపువాడు చెప్పే వంద మాటల కంటే విలువైనది. జయపురం, రాయగడ, పర్లాకిమిడి లాంటి పట్నాల్లో టౌన్ ఫీడర్ మీద ఉన్నవాళ్లు రెండు రోజులకు సిద్ధపడితే మామూలు తుఫానుకు సరిపోతుంది. అడవిలోంచి వచ్చే లైను చివర ఉన్నవాళ్లు మాత్రం వారానికి సిద్ధపడాలి. ఈ ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం తప్పు.

ఇన్వర్టర్: సీసం బ్యాటరీయా, లిథియమా

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అది సీసం రకమే. కాగితం మీద దాని లెక్క 1.8 యూనిట్లు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్‌లో కొంత వృథా అవుతుంది, చలికి బ్యాటరీ సత్తువ ఇంకాస్త తగ్గుతుంది. ఇవన్నీ పోగా చేతికి దక్కేది సుమారు ఒక యూనిట్ అనుకోండి.

ఆ ఒక్క యూనిట్‌తో ఏం చేయొచ్చు? చలికాలం కాబట్టి ఫ్యాన్లు అక్కర్లేదు, అది మనకు కలిసొచ్చే విషయం. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు నాలుగు ఐదు గంటలు, వైఫై రౌటర్ పది గంటలు, మూడు ఫోన్లకు ఛార్జింగు, అన్నీ కలిపినా రోజుకు యూనిట్‌లో మూడో వంతు. అంటే మూడు రోజులు రావాలి కదా? రాదు. ఏమీ వాడకపోయినా ఇన్వర్టర్ తన కోసం తాను 10 నుంచి 20 వాట్లు తినేస్తూ ఉంటుంది. 15 వాట్ల చొప్పున ఇరవై నాలుగు గంటలకు లెక్కేస్తే అదే యూనిట్‌లో మూడో వంతు దాటుతుంది. మీరు వాడినంత అదీ తినేస్తుంది, రోజున్నరకే బ్యాటరీ అయిపోతుంది. కరెంటు ఇప్పట్లో రాదని తెలియగానే ఇన్వర్టర్‌ను ముందున్న బటన్ దగ్గరే ఆపేయండి. సాయంత్రం ఆరేడు గంటలు మాత్రం వేసుకుంటే అదే బ్యాటరీ రెండు రోజులు దాటి వస్తుంది. పైసా ఖర్చు లేని ఈ పని చేసేవాళ్లు చాలా తక్కువ.

లిథియం బ్యాటరీ ధర అటూ ఇటూగా రెట్టింపు ఉంటుంది. ఎక్కువ ఏళ్లు వస్తుంది, డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు అని అమ్మేవాళ్లు చెబుతారు. అది నిజమే. కానీ కొండ ఊళ్ల వాళ్లకు అసలు లాభం వేరే చోట ఉంది. తుఫాను తర్వాత కరెంటు ఒక్కసారిగా వచ్చి నిలబడదు. రెండు గంటలు వస్తుంది, మళ్లీ పోతుంది. సీసం బ్యాటరీ నిండాలంటే పది పన్నెండు గంటలు కావాలి, కాబట్టి ఆ రెండు గంటల్లో దానికి దక్కేది చాలా కొంచెం. పైగా ఖాళీగా రోజుల తరబడి ఉంటే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. లిథియం, దానికి తగ్గ ఛార్జర్ ఉంటే, మూడు నాలుగు గంటల్లో నిండుతుంది. వచ్చిన కాస్త కరెంటునూ ఒడిసి పట్టుకుంటుంది. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదంటారు గానీ, మన ఇళ్ల లోపల అంత చలి ఉండదు, దానికి టెన్షన్ వద్దు.

నా మాట అడిగితే, ఇప్పటికే సీసం బ్యాటరీ బాగున్నవాళ్లు మార్చనక్కర్లేదు. సెప్టెంబర్‌లోనే డిస్టిల్డ్ వాటర్ పోయించి, టెర్మినల్స్ దగ్గర పేరుకున్న తెల్ల పొడిని శుభ్రం చేయించి, ఒక రాత్రి మెయిన్ ఆపి ఎన్ని గంటలు వస్తుందో చూసుకోండి. కొత్తగా కొనేవాళ్లు, అందులోనూ రూరల్ ఫీడర్ మీద ఉన్నవాళ్లు లిథియంకే వెళ్లండి.

జనరేటర్ ఎవరికి

ఇంటికి వద్దంటాను. హోటలు, మందుల షాపు, పాల వ్యాపారం, బోరు మోటారు మీద బతికే అపార్ట్‌మెంటు, వీళ్లకు కావాలి. 2 కేవీఏ పెట్రోలు జనరేటర్ సగం లోడు మీద కూడా గంటకు ముప్పావు లీటరు దాకా తాగుతుంది. రోజుకు నాలుగు గంటలు అనుకున్నా ఐదు రోజులకు 15 లీటర్లు. దారి మూసుకుపోయి, బంకుల్లో కరెంటు లేక పంపులు ఆగిపోయిన రోజున ఆ 15 లీటర్లు ఎక్కడ తెస్తారు? ముందే తెచ్చి ఇంట్లో దాచితే అదొక అగ్గి ప్రమాదం. జనరేటర్ శక్తి చాలా గొప్పది గానీ అది రోడ్డు మీద ఆధారపడ్డ శక్తి.

కొనేవాళ్లు రెండు విషయాల్లో రాజీ పడొద్దు. మొదటిది ఛేంజోవర్ స్విచ్, అంటే ఇంటిని లైనుకో జనరేటర్‌కో ఏదో ఒకదానికే కలిపే స్విచ్. జనరేటర్ నుంచి రెండు కొసలా ప్లగ్గులున్న వైరు తీసి గోడ సాకెట్లో గుచ్చి ఇల్లంతా వెలిగించేవాళ్లు ఉన్నారు. మెయిన్ ఆపడం మర్చిపోతే ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11,000 వోల్టులై లైను మీదికి ఎక్కుతుంది. లైను చచ్చిందనుకుని వానలో స్తంభం ఎక్కిన మనిషి అక్కడే ప్రాణం వదులుతాడు. మనకు దీపం తేవడానికి వచ్చిన మనిషి అతను. వెయ్యి రెండు వేల రూపాయల స్విచ్ కోసం ఆ పాపం మూటగట్టుకోవద్దు. రెండోది పొగ. జనరేటర్ వరండాలో కాదు, మెట్ల కింద కాదు, కిటికీలకు దూరంగా ఆరుబయటే నడవాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది.

కారు ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. సగం ట్యాంకు పెట్రోలున్న కారు వారం రోజులు ఫోన్లు ఛార్జ్ చేయగలదు. హెచ్చరిక వచ్చిన రోజే ట్యాంకు నింపి, చెట్టు కింద కాకుండా ఖాళీ చోట పెట్టండి. ఇంజన్ వేసేటప్పుడు షెడ్డు బయట ఉంచండి.

సోలార్ ఉంది కదా అనుకునేవాళ్లకు

పీఎం సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలయ్యాక, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా కేంద్ర సబ్సిడీ ఉండటంతో చాలా మంది పైకప్పు మీద పలకలు పెట్టించుకున్నారు. మంచి పని. కానీ మా వీధిలో ఒక పిన్నిగారు గాలివాన మర్నాడు ఎండ కాస్తుంటే అడిగింది, "ఏం బాబూ, పైన ఇన్ని పలకలున్నాయి, ఇంట్లో మిక్సీ తిరగదేంటి?" అని. పెట్టించినవాళ్లు ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. నెట్ మీటరుతో ఉండే ఆన్‌గ్రిడ్ సోలార్, అంటే వీధి లైనుకు కలిపి నడిచేది, లైన్లో కరెంటు లేకపోతే తానూ ఆగిపోతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసమే దాన్ని అలా తయారు చేస్తారు. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. కొత్తగా పెట్టించుకునేవాళ్లు సంతకం పెట్టే ముందే ఇది అడగాలి, తర్వాత మార్చాలంటే ఖర్చు ఎక్కువ.

హైబ్రిడ్ ఉన్నా తుఫాను మొదటి రెండు మూడు రోజులు సోలార్ మీద భరోసా పెట్టకండి. ముసురు పట్టిన రోజున పలక ఇచ్చేది మామూలు ఎండలో ఇచ్చే దానిలో పదో వంతు నుంచి పావు వంతు. వానలు వెలిశాక మాత్రం సోలార్‌ను మించింది లేదు, దానికి రోడ్డుతో పనిలేదు. లైను చివర గూడేల్లో ఉండేవాళ్లకు, అక్కడ పనిచేసే టీచర్లకు, ఏఎన్ఎంలకు నా సలహా ఇది: పెద్ద ఇన్వర్టర్ కంటే 40, 50 వాట్ల చిన్న పలక, దానికి తగ్గ బ్యాటరీ, రెండు బల్బులు, ఒక ఫోను ఛార్జరు. గాలి మొదలవకముందే పలకను విప్పి ఇంట్లో పెట్టుకోవచ్చు. పైకప్పు మీద శాశ్వతంగా బిగించిన వాటికి ఆ వీలు లేదు కాబట్టి, వాటి నట్లు బోల్టులు అక్టోబర్‌కు ముందు బిగించి ఉన్నాయో లేదో చూపించుకోండి.

దీపం, ఫోను, రేడియో

ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. కొవ్వొత్తి, కిరసనాయిలు దీపం గాలికీ, దుప్పట్లకూ, పిల్లలకూ పనికిరావు. హోల్డర్లో పెట్టే రీఛార్జబుల్ ఎమర్జెన్సీ బల్బు మూడు నాలుగు గంటలు వస్తుంది, ఆ తర్వాత ఛార్జ్ చేయడానికి కరెంటే కావాలి. మొదటి రాత్రికి అది బాగుంటుంది. తర్వాతి రాత్రులకు మామూలు సెల్స్‌తో వెలిగే టార్చి ఒకటి, తలకు కట్టుకునే లైటు ఒకటి, విడిగా రెండు సెట్ల సెల్స్. వానలో పైకెక్కి రేకు సర్దాలన్నా, పశువులను విప్పాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, అందుకే తలలైటు.

20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే ఐదు సార్లు ఛార్జింగు అనుకుంటారు. వోల్టేజీ మార్పులో పోయేది పోగా మామూలు స్మార్ట్‌ఫోనుకు రెండున్నర, మూడు సార్లు వస్తుంది. ఇంట్లో ఒక బటన్ ఫోను ఉంటే దానికి ఒక్క ఛార్జింగు చాలా రోజులు చాలు. అయినా సెల్ టవర్లు కూడా బ్యాటరీ మీదా, డీజిల్ మీదా నడిచేవే. అవి ఆగితే మన ఫోనులో ఎంత ఛార్జింగు ఉన్నా లాభం లేదు. సిగ్నల్ సన్నగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా ఎస్ఎంఎస్ వెళ్తుంది. విజయనగరంలో, శ్రీకాకుళంలో ఉన్న మనవాళ్లకు "బాగున్నాం, ఫోన్లు పనిచేయకపోవచ్చు" అని గాలి మొదలవకముందే చెప్పేయండి. సెల్స్‌తో నడిచే చిన్న రేడియో ఇప్పటికీ కొనదగ్గ వస్తువు.

వంట, చలి

ఇండక్షన్ పొయ్యి మీదే వంట చేసుకునే క్వార్టర్ల వాళ్లు ముందు మేల్కోవాలి. 1,500 వాట్ల పొయ్యి ఒక యూనిట్‌ను నలభై నిమిషాల్లో తినేస్తుంది, ఇంటి ఇన్వర్టర్లు చాలావరకు దాన్ని మోయనే మోయలేవు. 14.2 కిలోల రెండో గ్యాస్ బండ ఉంటే మంచిది. లేకపోతే 5 కిలోల చిన్న బండ తెచ్చిపెట్టుకోండి. కట్టెల పొయ్యి ఉన్న ఇళ్లకు భయం లేదు, కానీ కట్టెలు ఆరుబయట ఉంటే తుఫాను రోజున అవి మండవు. వారానికి సరిపడా కట్టెలు అటక మీదికి ఎక్కించండి. మొదటి రోజుకు పొయ్యి వెలిగించకుండా తినగలిగే అటుకులు, మరమరాలు, బెల్లం, వేరుశనగలు, అరటిపళ్లు చాలు.

చలి కాచుకునే దగ్గర కూడా ప్రాణాలు ప్రమాదంలో పడతాయి. రూమ్ హీటర్ వెయ్యి నుంచి రెండు వేల వాట్లు, దాన్ని లెక్కలోంచి తీసేయండి. ఇక మిగిలేది కుంపటి. బొగ్గుల కుంపటి గదిలో పెట్టి, చలిగాలి రాకుండా తలుపులు, కిటికీలు బిగించి పడుకోవడం జనరేటర్‌ను ఇంట్లో నడిపినంత పని. అదే విషవాయువు. కుంపటి దగ్గర కూర్చోవాలంటే వరండాలో కూర్చోండి, పడుకునే ముందు అది బయటే ఉండాలి. రాత్రికి అందరూ ఒకే గదిలో, నేల మీద కాకుండా మంచం మీదో, గడ్డీ గోనెసంచులూ పరిచిన చాప మీదో, రెండు పల్చటి దుప్పట్లు ఒకదాని మీద ఒకటి కప్పుకుని పడుకుంటే ఒక మందపాటి రగ్గు కంటే వెచ్చగా ఉంటుంది. రబ్బరు హాట్ వాటర్ బ్యాగు పెద్దవాళ్ల కాళ్ల దగ్గర పెడితే చాలాసేపు వేడి నిలుస్తుంది. తడిసిన బట్టలతో ఎవరినీ కూర్చోనివ్వకండి, పదిహేను డిగ్రీల్లో కూడా తడి మనిషిని వణికించి పడేస్తుంది.

నీళ్లు, మందులు

మోటారు మీద బతికేవాళ్లకు కరెంటు పోవడమంటే నీళ్లు పోవడమే. ఓవర్‌హెడ్ ట్యాంకు నింపడం అందరూ చేస్తారు. తాగే నీళ్లు విడిగా బిందెల్లో, మూత ఉన్న డబ్బాల్లో మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున పట్టుకోవడం మర్చిపోతారు. కొండ ఊట నుంచి పైపు ద్వారా నీళ్లు వచ్చే ఊళ్లలో కరెంటుతో పనిలేదు, కానీ పెద్ద వాన తర్వాత ఆ నీళ్లు ఎర్రగా వస్తాయి. గుడ్డతో వడగట్టి, తేరనిచ్చి, తెర్లేదాకా మరిగించి తాగాలి. బోరింగు దగ్గరున్నవాళ్లు అదృష్టవంతులు, దాని వాషర్ ఇప్పుడే మార్పించుకోండి.

షుగరు ఉన్నవాళ్లు ఫ్రిజ్ ఆగిందని కంగారు పడొద్దు. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా చాలా రకాల్లో నాలుగు వారాల దాకా బయట ఉండొచ్చు, మన చలికాలం దానికి అనుకూలమే. పెట్టె మీద రాసిన ఉష్ణోగ్రత చూసుకోండి. తెరవని సీసాలను, తలుపు తీయకుండా ఫ్రిజ్‌లోనే ఉంచి, తర్వాత తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలోకి మార్చండి. ఇంట్లో ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే యంత్రం) మీద ఉన్న మనిషి ఉంటే మాత్రం లెక్క వేరు. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే యంత్రం 300 వాట్లకు పైగా తీసుకుంటుంది, మన ఒక్క యూనిట్ మూడు గంటలకే సరి. అలాంటివాళ్లను తుఫానుకు ముందే ఆసుపత్రి ఉన్న పట్నానికి చేర్చడం తప్ప కొనగలిగే పరిష్కారం లేదు.

ఉండాలా, వెళ్లాలా

వాతావరణ శాఖ తుఫాను అలర్టు తీరంలో గాలివాన మొదలవడానికి కనీసం 48 గంటల ముందు, తుఫాను హెచ్చరిక కనీసం 24 గంటల ముందు వస్తాయి. కదలాలనుకుంటే మొదటిది రాగానే కదలండి. రెండోది వచ్చాక ఘాట్ దిగకండి. కింద బంధువులు "ఇక్కడికి వచ్చేయండి" అని ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు, ప్రేమతోనే. కానీ దిగితే ఘాట్ రోడ్డు ప్రమాదం, పైగా తీరానికి ఇంకా దగ్గరవుతారు. పైనే, చదునైన చోట, పక్కా శ్లాబు ఇల్లో, బడి భవనమో ఎక్కువ క్షేమం.

వాలు కింద ఇల్లున్నవాళ్లు ఇవి కనిపిస్తే సామాను కూడా చూసుకోకుండా బయటపడాలి: కొండ మీద కొత్తగా పగుళ్లు, చెట్లు ఒక పక్కకు ఒరగడం, ఊట నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారడం లేదా ఆగిపోవడం. అప్పుడు 112కు ఫోను చేయండి, ఫోను కలవకపోయినా ఆగకండి.

కరెంటు వచ్చాక

వెంటనే అన్నీ వేసేయకండి. లైన్లు కొత్తగా కలిపిన మొదటి గంటలో వోల్టేజీ పైకీ కిందికీ ఊగుతుంది. ఫ్రిజ్, మోటారు, టీవీ ప్లగ్గులు పీకేసి, ఒక్క బల్బు మాత్రం వేసి ఉంచి, అది పావుగంట నిలకడగా వెలిగాక ఒక్కొక్కటే వేయండి. ముందు మోటారు, తర్వాత ఇన్వర్టర్ ఛార్జింగు, ఆఖర్న టీవీ. తెగిన వైరు ఇంటి చుట్టుపక్కల ఎక్కడైనా పడి ఉంటే, కరెంటు రాకముందు కూడా, దాన్ని కర్రతో అయినా ముట్టుకోకండి, 1912కు చెప్పండి.

బల్లలు కడిగి, రేకులు సర్దుకున్నాక ఖాళీ అయినవన్నీ మళ్లీ నింపి పెట్టండి. 2013లో అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే, నవంబర్‌లోనే హెలెన్, లెహర్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పవర్ బ్యాంకు, టార్చి సెల్స్, రెండో బండ, అటక మీది కట్టెలు డిసెంబర్ ఆఖరుదాకా అలాగే నిండుగా ఉండాలి.